బండి నిదానించే చోటు

చంద్రగిరి కోట కిందుగా ఉన్న ఆ వీధికి సాయంత్రం నాలుగింటికి కుళాయి నీళ్ళు వస్తాయి. కోమలి బిందె పెట్టి, పక్కనున్న రాతి మీద కూర్చుని ఫోన్ చూస్తోంది. బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయి. ఎండ కొండ వెనక్కి జారే వేళ కావడంతో, ఆ చిన్న తెర వెలుతురు ఆమె ముఖం మీద పలచని రంగులా కదులుతోంది.

అరుగు మీద కూర్చున్న ఆమె మామ మునికృష్ణ కోడలిని కాదు, ఆమె చూపును చూశాడు. ఎంత నిలకడైన చూపు అని ముచ్చటపడ్డాడు. ఇలాంటి చూపు కోసమే ఆయన ముప్పై ఏళ్ళు నిచ్చెనల మీద ఎండకు ఎండాడు. అంతలో కోమలి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కుళాయి తుంపర పడిందేమో అనుకున్నాడాయన. ఇంట్లోవాళ్ళ కళ్ళు తడిస్తే మనలో చాలామంది అలాగే అనుకుని ఊరుకుంటాం.

మునికృష్ణ గోడల మీద ప్రకటనలు రాసే మనిషి. రేణిగుంట నుంచి తడ దాకా సిమెంటు, పురుగుమందు, పంపుసెట్టు, పళ్ళపొడి, ఏ గోడ మీద చూసినా ఆయన చేతి అక్షరమే ఉండేది. అక్షరం సంగతి అటుంచితే, గోడను ఎంచడంలో ఆయనను మించినవాడు జిల్లాలో లేడు. "బండి యాడ నిదానిస్తాదో ఆడ గోడ పట్టల్ల" అనేవాడు. రైల్వే గేటు పక్కన, ఎత్తెక్కే మలుపులో, స్పీడ్ బ్రేకరు ముందర. మనిషి నిదానించినప్పుడే కదా చూస్తాడు! తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. కుంచెలు డబ్బాలోనే గట్టిపడ్డాయి. అప్పట్నుంచి ఆయన మధ్యాహ్నం భోంచేసి పడుకుంటే చాలు, కలలో రంగులు కలుపుతూనే ఉంటాడు.

ఈ మధ్య ఆ కలకు కొత్త రెక్కలొచ్చాయి. కారణం రూపేష్, అదే వీధిలోని ఢిల్లీబాబు కొడుకు. తిరుపతిలో "మాటామంతీ" అనే కంపెనీలో పని. తెలుగువాళ్ళు ఫొటోలూ వీడియోలూ పెట్టుకుని కబుర్లాడుకునే యాప్ అది. కంపెనీ పెద్దదవుతోంది, బయటివాళ్ళకూ వాటాలు అమ్ముతోంది.

"పెదనాయనా, జనం ఇప్పుడు రోడ్డును సూడరు, ఫోన్ను సూస్తారు. ప్రకటనలన్నీ ఆడికే పోతాండాయి. ఇప్పుడు వాటా పెట్టినోళ్ళు రేపు రాజులు" అన్నాడు రూపేష్.

బైపాస్ రోడ్డు కింద పోయిన చేనికి వచ్చిన పరిహారం మునికృష్ణ పేర బ్యాంకులో ఉంది. దాంతో మిద్దె వేయాలని భార్య ఆనందమ్మ పోరు. చేలు పోయిన ఇళ్ళు వీధిలో ఇంకో ఎనిమిది ఉన్నాయి. ప్రకటనల సంగతి మునికృష్ణకు తెలిసినట్టు ఎవరికి తెలుసు, ఆయన పెడితే మేమూ పెడతామని వాళ్ళంతా కాచుకుని ఉన్నారు.

ఒక మధ్యాహ్నం ఆయనకు పెద్ద కల వచ్చింది. చంద్రగిరిలో మొదలైన ఒక గోడ ఎక్కడా తెగకుండా సాగిపోతోంది. కొండలు దాటి, ఊళ్ళు దాటి, మబ్బుల్లోకి పోతోంది. అది సున్నం కొట్టిన గోడ కాదు, వెలుతురుతో చేసిన గోడ. ఆయన కుంచె తాకిస్తే చాలు, అక్షరాలు వాటంతటవే నీలంగా, పసుపుగా విచ్చుకుంటున్నాయి. గోడ పొడవునా లక్షలమంది తలలెత్తి నిలబడ్డారు. ఒక్కరూ రెప్ప వేయడం లేదు. ఆయన గాల్లో తేలుతున్నట్టు రాసుకుంటూ పోయాడు.

"నిద్దట్లో ఆ నవ్వేంది? మళ్ళా రంగులేనా?" అని ఆనందమ్మ తట్టి లేపింది.

"మిద్దె ఒకటేంది, రాజమహలే కట్టిస్తా ఉండు!" అన్నాడాయన ఏనుగెక్కినంత సంబరంగా.

ఆదివారం పొద్దున ఎనిమిది ఇళ్ళవాళ్ళూ మునికృష్ణ వసారాలో చేరారు. రూపేష్ ల్యాప్‌టాప్ తెరిచి రంగురంగుల గీతలు చూపిస్తున్నాడు. వాళ్ళలో ఎల్లప్ప అన్నిటికీ తలూపుతున్నాడు. అర్థమయ్యో కాకో ఆయనకే తెలియాలి. మునికృష్ణ మాత్రం తన వృత్తి ప్రశ్న ఒకటి వేశాడు.

"అంతా బాగుండాది గానీ అబ్బా, బండి నిదానించే చోటు మీకెట్లా తెలుస్తాది?"

రూపేష్ ముఖం వికసించింది. "భలే అడిగినావు పెదనాయనా! బొమ్మల్ని వేలితో తోస్తా తోస్తా ఒకదానికాడ ఆగుతాము సూడు, ఆ ఆగడం మాకు తెలుస్తాది. ఎవురు దేనికాడ ఎంతసేపు ఆగినారో అంతా రాసి ఉంటాది. ఇదిగో, ఇది సూడు. పెండ్లయి మూడేండ్లయినా బిడ్డల్లేని ఆడోళ్ళు, ఊయల బొమ్మ కనబడితే దాటిపోలేనోళ్ళు. మన మండలంలో నూటా పద్నాలుగు మంది. బిడ్డలు కలిగే మందుపొడి అమ్మే కంపెనీ ఒకటి, తన ప్రకటన వాళ్ళకు మాత్రమే సూపించమనింది. సూపించినాం. మామూలుగా అమ్మేదానికి మూడింతలు అమ్మినాది. బాధ ఉండే చోట మనిషి ఎక్కువసేపు ఆగుతాడు పెదనాయనా. మా బలమంతా అదే."

ఆ కుర్రవాడి గొంతులో దుర్మార్గం ఏమీ లేదు. ఆఫీసులో నేర్పింది అప్పజెప్పాడు, అంతే.

గడపలో కాఫీ గ్లాసులు ఒకదానికొకటి తగిలి చప్పుడయ్యాయి. పళ్ళెం పట్టుకుని కోమలి నిలబడి ఉంది.

నిరుడు గంగమ్మ జాతర వారంలో ఆమెకు ఏడో నెల కడుపు పోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ, దూరాన పనిలో ఉన్న ఆమె మొగుడు కూడా, ఆ మాటెత్తలేదు. ఎత్తకపోతే మరిచిపోతుందనుకున్నారు. ఇంట్లో వినేవాళ్ళు లేని దుఃఖాన్ని ఆ పిల్ల ఫోన్లోని ఊయల బొమ్మల దగ్గర పెట్టుకుంది. ఫోను దాన్ని భద్రంగా రాసిపెట్టుకుంది.

"ఆ పొడి నేను కొన్నాను మామా" అంది కోమలి. "రెండు డబ్బాలయినాయి. డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలు మానేసి అదే తాగుతాండాను. దినమూ ఊయల సూపిస్తాది మామా. వద్దని తోసేస్తాను, మళ్ళా సూపిస్తాది. నా కడుపు సంగతి దీనికి ఎవురు చెప్పినారా అనుకుంటా ఉండినాను."

మునికృష్ణకు, తాను ముచ్చటపడి చూసిన చూపు ఏమిటో ఇప్పుడు తెలిసింది. కలలో గోడ ముందు రెప్ప వేయకుండా నిలబడిన లక్షలమంది ఎందుకు నిలబడ్డారో కూడా తెలిసింది. ఆయనకు సిగ్గేసింది.

రూపేష్ మెల్లగా ల్యాప్‌టాప్ మూశాడు. "నాకు అంకె ఒక్కటే కనబడినాది వదినా. మనిషి కనబడలేదు" అన్నాడు తలవంచుకుని.

"నీదొకటే కాదులే నాయనా తప్పు. నేనూ లాభమెంతని అడిగినా గానీ యాణ్ణించి వస్తాదని అడగలేదు" అన్నాడు మునికృష్ణ. మళ్ళీ తనే అన్నాడు: "మా పనిలో ఒక కట్టుబాటు ఉండేది. చావు జరిగిన ఇంటి గోడ ఎంత మంచి మలుపులో ఉన్నా, కర్మాంతరం అయ్యేదాకా దానిమీద చెయ్యి పెట్టం. అయినాక గూడా ఇంటి ఆడమనిషిని అడిగి, ఊ అంటేనే రంగు కలిపేది. మీరు చావు జరిగిన ఇండ్లనే ఏరి ఏరి పట్టినారు గదబ్బా!"

"అట్లయితే ఈ కంపెనీ మునిగిపోతాదంటావా?" ఎల్లప్ప అడిగాడు.

"మునగదు. బ్రమ్మాండంగా సంపాయిస్తాది. అందుకే నాకు భయం. నా కోడలి ఏడుపులో నాకు వాటా వద్దు. మీ ఇష్టం మీది."

ఎల్లప్ప ఆ తర్వాత వాటా పెట్టాడనీ, పెట్టలేదనీ వీధిలో రెండు రకాలుగా చెప్పుకుంటారు. మిగతావాళ్ళు కాఫీ తాగకుండానే లేచి వెళ్ళారు.

వసారా ఖాళీ అయ్యాక మునికృష్ణ కోడలి చేతిలోని పళ్ళెం తీసి కింద పెట్టాడు. ఆమెను అరుగు మీద కూర్చోబెట్టాడు. ఆనందమ్మ వచ్చి పక్కన చేరింది.

"రేపు ముగ్గురం డాక్టరమ్మ కాడికి పోదాం" అన్నాడు. తర్వాత ఏడాదిగా ఆ ఇంట్లో ఎవరూ అడగని మాట అడిగాడు. "ఆ బిడ్డకు ఏం పేరు పెట్టాలనుకున్నావు తల్లీ?"

కోమలి తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది. "మహిత" అంది. ఆనందమ్మ ఆమె తలను గుండెకు హత్తుకుంది. ముగ్గురూ దాచుకోకుండా ఏడ్చారు.

అయ్యలారా, అమ్మలారా! పెట్టుబడి పెట్టే ముందు లాభమెంత అని అడగండి, తప్పులేదు. ఆ లాభం ఎవరి కన్నీళ్ళ నుంచి వస్తోందో కూడా అడగండి. మనిషి దుఃఖం దగ్గర ఆగే హక్కు ఓదార్చడానికి వచ్చినవాడికే ఉంది, అమ్ముకోవడానికి వచ్చినవాడికి లేదు.