ఉతికిన రొట్టెసంచి

ఓట్మార్ జాయిబెర్ట్ చర్చికి వెళ్ళడం మానేసి చాలాకాలమైంది గానీ, మేడ మీది అద్దాల బీరువా ముందు మాత్రం రోజూ మోకాళ్ళ మీద కూర్చుంటాడు. అందులో ఉన్నది రెండో ప్రపంచయుద్ధం నాటి జర్మన్ సైనికుల సామాను: నీళ్ళసీసాలు, భోజనం డబ్బాలు, పారలు, తోలుపట్టీలు. ఏది అసలో, ఏది తర్వాత చేసిన నకలో చుట్టుపక్కల ఊళ్ళకు అతనే తేల్చి చెప్పాలి. కుట్టు చూస్తాడు, ముద్ర చూస్తాడు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాడు. చివరికి గది చీకటి చేసి ఊదారంగు దీపం వేస్తాడు. ఈకాలపు నూలు ఆ వెలుగులో తెల్లగా మెరుస్తుంది. మెరిసిందంటే నకిలీయే. ఇక దానికి తిరుగులేదు.

పక్కింటి క్రెషెంజ్ ముసలమ్మ తెచ్చిన రొట్టెసంచి అలాగే మెరిసింది. సైనికులు నడుముకు తగిలించుకుని తిండి మోసుకెళ్ళే గుడ్డసంచి అది. బీరు హోటలు వెనకగదిలో, పాత సామాను సేకరించే సంఘం వాళ్ళందరి ముందూ ఓట్మార్ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూపించాడు.

"మీ నాన్నగారిని ఎవరో మోసం చేశారమ్మా!"

"మా నాన్న కొనలేదయ్యా, తగిలించుకుని ఇంటికొచ్చాడు."

"అందరి నాన్నలూ అలాగే వచ్చారు లెండి!"

గది గొల్లుమంది. ముసలమ్మ సంచి మడుచుకుని వెళ్ళిపోయింది.

ఆ ఏడు యుద్ధమృతుల స్మరణదినానికి పట్నం మ్యూజియం ఓట్మార్ బీరువాలో ఉన్న రొట్టెసంచినే ప్రదర్శనకు ఎంచుకుంది. కింద పరీక్షకుడిగా అతని పేరు చెక్కిన ఇత్తడి రేకు కూడా పెడతారట. ఆ రేకు గురించి ఓట్మార్ నిద్రలో కూడా కలవరించాడు.

సంచి తీసుకెళ్ళడానికి మ్యూజియం నుంచి గుంపెర్ట్ వచ్చిన రోజు, ఓట్మార్ భార్య వాల్బుర్గా ప్లమ్ పళ్ళ కేకు చేసి ముసలమ్మను కూడా కాఫీకి పిలిచింది. ఓట్మార్ మొహం ముడుచుకున్నాడు గానీ, తన సంచిని ఆమె కూడా చూస్తే చూడనీలే అనుకున్నాడు.

"ఆ దీపం పరీక్ష ఒకసారి చూపించండి, విన్నానే గానీ చూడలేదు," అన్నాడు గుంపెర్ట్.

ఓట్మార్ తెరలు లాగి, పెళ్ళికొడుకులా నిటారుగా నిలబడి మీట నొక్కాడు.

అతని సంచి పున్నమి చంద్రుడిలా వెలిగిపోయింది.

చీకట్లో కేకు నములుతున్న చప్పుడు ఒక్కటే వినిపించింది. అది ముసలమ్మది.

"నిన్ననే ఉతికానే!" అంది వాల్బుర్గా. "పెద్దమనిషి పట్టుకెళ్ళేది, అంత కంపు కొడుతుంటే ఎలా ఇస్తాం?"

"ఉతికావా? సబ్బుపొడితోనా?" అన్నాడు ఓట్మార్. వెంటనే గుంపెర్ట్ వైపు తిరిగాడు. "చూడండి, ఇది సబ్బు మెరుపు. ఈ పొడులు వేసి ఉతికితే అసలైనది కూడా మెరుస్తుంది. గుడ్డది ఏ తప్పూ లేదు!"

"అవునా నాయనా?" అంది క్రెషెంజ్. "మా పిల్లలు బడికి తగిలించుకెళ్ళేవాళ్ళు. నేను ప్రతి వారం ఉతికేదాన్ని."

గుంపెర్ట్ ముసలమ్మ వైపు చూశాడు, తర్వాత ఓట్మార్ వైపు. ఓట్మార్ ఎటూ చూడలేకపోయాడు. తన సంచి అసలైతే ఆమెదీ అసలే. ఆమెది నకిలీ అయితే తనదీ నకిలీయే, ఇత్తడి రేకు ఇక్కడితో సరి.

"మీది... మీది కూడా అసలే అయ్యుంటుందమ్మా," అన్నాడు చివరికి. "కావాలంటే మ్యూజియంలో మీదే పెడదాం."

"పెట్టు. కానీ మా నాన్న అది తగిలించుకుని ఏ ఊరు వెళ్ళాడో, అక్కడ వాళ్ళను ఏం చేశాడో కూడా రాసి పెట్టు. పోయేముందు నాకొక్కదానికే చెప్పాడు. ఆదివారం చర్చిలో కూర్చుంటే అదే గుర్తొస్తుంది. నువ్వు దాన్ని వాసన కూడా చూశావు, ఆ ఒక్కటీ అడగలేదు. ఇప్పుడడుగు, చెప్తాను."

వాల్బుర్గా కాఫీ వంచడం ఆపేసింది. గుంపెర్ట్ కలం తీశాడు. ఊదారంగు వెలుగులో ఓట్మార్ పెదవులు రెండుసార్లు కదిలాయి. అడగాలనే అనుకున్నాడు పాపం.

"దాని గుండీలు," అన్నాడు, "అల్యూమినియంవేనా?"