అరువు మైక్రోస్కోపు

లుడివినా మేనత్త తెయోపిస్తాకు ఎన్ని సుగుణాలున్నా ఒక జబ్బుంది. గుమ్మంలోకి వచ్చిన మనిషికి లేదని చెప్పడం ఆవిడకు చేతకాదు. డబ్బాలో గుప్పెడు బియ్యమే ఉండనీ, చుట్టం మొహం కనబడితే చాలు, పక్కింటి పళ్ళాలు, ఎదురింటి కోడి, వెనకింటి లేసు గుడ్డ మన బల్ల మీదికి వచ్చేస్తాయి. చుట్టం త్రేన్చి పడవెక్కాక ఇంటిల్లిపాదికీ గంజీ ఎండుచేపలూ. అలాంటి మనిషిని ఏరి మరీ ప్రభుత్వం కబలావన్ ద్వీపంలో బడికి ప్రిన్సిపాల్‌ని చేసింది. జబ్బు ఇంటి నుంచి బడికి పాకింది.

శాసనసభ విద్యాసంఘం అధ్యక్షుడు విల్లాబ్రియెల్ ద్వీపాల బళ్ళు చూడ్డానికొస్తున్నాడని తెలియగానే ఆవిడ కొంగు బిగించకపోయినా నడుము బిగించింది. పక్క ద్వీపంలో సన్యాసినుల బడి నుంచి మైక్రోస్కోపు పడవలో వచ్చింది, పసిపాప దుప్పట్లో చుట్టుకుని. దాని కాలొకటి విరిగితే ఎవరో ఆకుపచ్చ టేపు చుట్టారు. గాజు బుడ్లు వెనిగర్ అమ్మేవాడివి. తూకం ఆరోగ్య కేంద్రంలో పసిపిల్లల్ని తూచేది. లుడివినా వాటన్నిటినీ తుడిచి పెట్టింది. ఆమె చదివింది వంటలూ కుట్టుపనీ. అయినా బళ్ళో సైన్సు చెప్పేది ఆమే, ఇంకెవరూ లేరు కనుక.

"అత్తయ్యా, ఏమీ లేదని తెలిస్తేనే కదా ఏదైనా ఇస్తారు" అంది.

"ఖాళీ బల్ల చూపించి ముష్టెత్తమంటావా? మనకో పరువుంది" అంది ఆవిడ.

విల్లాబ్రియెల్ వచ్చాడు. మైక్రోస్కోపు పక్కన నిలబడి ఫోటో దిగాడు. కాల్చిన పందిమాంసం తిన్నాడు, కరకరలాడే తోలు రెండోసారి అడిగి వేయించుకున్నాడు. ఆయన పడవ మలుపు తిరక్కముందే మైక్రోస్కోపు మరో పడవెక్కింది.

వానలు వెనకబట్టిన రోజుల్లో రెనాన్‌ని ఒడ్డుకు మోసుకొచ్చారు. అదే బళ్ళో చదివిన కుర్రాడు. నోట్లో గాలిగొట్టం పెట్టుకుని లోతు నీళ్ళలో చేపల్ని వలలోకి తోలే పని. పడవలు విల్లాబ్రియెల్ తమ్ముడివి. చేపల గుంపు పక్కకు మళ్ళిందని పైనున్నవాళ్ళు వాణ్ణి పైకి రమ్మని తాడు లాగారు. వాడు ఒక్క ఊపున పైకొచ్చాడు. కాసేపు నవ్వాడు కూడా. తర్వాత నడుం కింద ఏమీ తెలియలేదు.

చూడ్డానికి వెళ్ళిన లుడివినాను వాడు అడిగింది ఒకటే. "టీచర్, జోరుగా పైకి రాకూడదని మన పుస్తకంలో ఉందా?"

గాలిని ఎంత నొక్కితే నీళ్ళలో అంత కరుగుతుందనీ, నొక్కు తీస్తే బుడగలై బయటికొస్తుందనీ పుస్తకంలో ఒక పాఠం ఉంది. వాడు ఆ తరగతిలో ఉన్న ఏడాది, ఆమెకింకా సైన్సు అప్పగించక ముందు, ఆ పాఠాలు చెప్పే మనిషి లేక ఆ పీరియడంతా పిల్లల చేత వంకాయ మొక్కలు నాటించారు.

ఆ నెలలోనే రాజధాని నుంచి కబురు. చిన్న ద్వీపాల బళ్ళలో సౌకర్యాలు పుష్కలంగా ఉన్నాయని సంఘం స్వయంగా చూసిందట. కాబట్టి సైన్సు, లెక్కల టీచర్ల ఖాళీలు రద్దు. పాఠాలు రేడియోలో వినిపిస్తారు. ప్రతి బడికీ ఆ సబ్జెక్టు చదివిన టీచరు, ఒక ప్రయోగాల గది ఉండాలని టీచర్ల యూనియన్ పెట్టించిన బిల్లు సంఘం దగ్గరే మూలుగుతోంది. చివరి విచారణలో గట్టెక్కకపోతే దానికి అదే సమాధి.

కొబ్బరి ఎండబెట్టే షెడ్డులో సభ పెట్టారు. టీచర్లు, గజ ఈతగాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు. లుడివినా రెండు సోడా సీసాలు ఎత్తి పట్టుకుంది. ఒకదాని మూత మెల్లగా వదులు చేసింది, బుస్సుమంది, అంతే. ఇంకోదాన్ని ఒక్క పెట్టున లాగింది. నురగ పొంగి ఆమె మోచేయి దాకా కారింది.

"రెనాన్ ఒంట్లో జరిగింది ఇదే" అంది.

రెనాన్ తల్లి మెర్సెడ్ లేచింది. "ఇంతేనా? ఈ ముక్క చెప్పడానికి ఒక సీసా చాలేది కదమ్మా. మా వాడికి ఎవరూ చెప్పలేదే."

పడవల మేస్త్రీ గుమ్మానికి ఆనుకుని నవ్వాడు. "లెక్కలు నేర్చుకుంటే చేపలు వచ్చి ఒళ్ళో పడతాయా ఏంటి?"

"పడవు" అన్నాడొక ముసలి ఈతగాడు. "కానీ లెక్కొచ్చినోడు లోతొక్కటే లెక్కెయ్యడురా. మీ అయ్యగారు తినేదీ లెక్కేస్తాడు. అందుకేగా మాకు రేడియో."

"విచారణకి వెళ్ళినోళ్ళకి మళ్ళీ గొట్టం దొరకదు. చెప్తున్నా, తర్వాత ఏడవకండి" అన్నాడు మేస్త్రీ.

"దొరక్కపోతే మా పిల్లలు నడుస్తారు" అంది మెర్సెడ్.

మేస్త్రీ నవ్వు ఆగింది. విచారణ రోజున ఒక్క పడవా వేటకు కదలకూడదని, అందరూ రాజధానికి వెళ్ళాలని అక్కడే తీర్మానించారు. దారి బత్తేనికి ఎండుచేపలు, అరటాకుల్లో బియ్యం ముద్దలు పోగయ్యాయి.

తెయోపిస్తా ఆ సభకు రాలేదు. ఆవిడకు వేరే పిలుపు వచ్చింది. మిగతా ద్వీపాల ప్రిన్సిపాళ్ళతో పాటు ఆదర్శ ప్రిన్సిపాల్‌గా విచారణలో ముందు వరసలో కూర్చోమని విల్లాబ్రియెల్ స్వయంగా టికెట్టు పంపాడు. ఓడలో అత్తా మేనకోడళ్ళు ఎదురెదురు మంచాల మీద పడుకుని ఒకళ్ళ వీపు ఒకళ్ళు చూసుకున్నారు.

శాసనసభ గేటు దగ్గర నాలుగు ద్వీపాల జనం బైఠాయించారు. రెనాన్‌ని చేపల బండి మీద కూర్చోబెట్టారు. లోపలికి పిలిచింది లుడివినా ఒక్కదాన్నే.

ఆమె రెనాన్ సంగతి చెప్పింది. బుడగల సంగతి చెప్పింది. విల్లాబ్రియెల్ తలూపుతూ విన్నాడు, తర్వాత గోడ మీద ఫోటో వేయించాడు.

"ఇది మీ బడే కదమ్మా?"

"అవునండీ."

"మైక్రోస్కోపు కనబడుతోంది కదా. మరి లేదంటారేంటి? మీదొక్కటే కాదు, అన్ని ద్వీపాలూ చూశాను."

ఒకదాని తర్వాత ఒకటి ఫోటోలు వచ్చాయి. ఒక్కోదాంట్లో ఒక్కో బడి, ఒక్కో ప్రిన్సిపాల్, ఒక్కో రంగు తెర. అన్నిట్లోనూ ఒకే మైక్రోస్కోపు. అన్నిట్లోనూ దాని కాలికి ఆకుపచ్చ టేపు. మహానుభావుడు ద్వీపం నుంచి ద్వీపానికి తిరుగుతూ ఉంటే అది ఆయనకంటే ముందు పడవెక్కి వెళ్ళి ఆయన కోసం ఎదురుచూసింది.

లుడివినాకు నవ్వు, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. ముందు వరసలో అత్త చేతులు ఒళ్ళో గట్టిగా ముడుచుకుని ఉన్నాయి. చెబితే ఆవిడ ఉద్యోగం పోతుంది, చివరి రోజుల పింఛనూ పోతుంది. చెప్పకపోతే బిల్లు పోతుంది. తర్వాత ఇంకెవరి కాళ్ళు పోతాయో.

"టేపు చూడండి సార్" అంది. "అన్నీ ఒకటే. మాది కాదు, అరువు తెచ్చింది."

హాల్లో గుసగుసలు రేగాయి. విల్లాబ్రియెల్ మొహం మాడింది. "అయితే నన్ను మోసం చేశారన్నమాట. లేదా ఇప్పుడు ఈ సభకు అబద్ధం చెబుతున్నావు. బయట గుంపును రెచ్చగొట్టిందీ నువ్వేనటగా." భటుల వైపు చూశాడు. "ఈమెను అదుపులోకి తీసుకోండి. బిల్లు పక్కన పెడుతున్నాం."

ఇద్దరు ఆమె భుజాలు పట్టుకున్నారు. లుడివినా గింజుకోలేదు, ఒళ్ళంతా అలిసిపోయింది. ఇంతదూరం వచ్చి, రెనాన్‌కి ఏం చెప్పాలా అని మాత్రం అనుకుంది.

"వదలండి దాన్ని."

ఆ గొంతు బళ్ళో అల్లరి పిల్లల్ని ఆపే గొంతు. భటులు కూడా ఎప్పుడో అలాంటి బళ్ళో చదివినవాళ్ళే, ఆగారు. తెయోపిస్తా లేచి నిలబడింది.

"కూర్చోండి మేడమ్, మీరు మా అతిథి" అన్నాడు విల్లాబ్రియెల్.

"మీరూ ఆ రోజు మా అతిథే కదా బాబూ. దాంతోనే వచ్చింది తంటా అంతా." ఆవిడ గోడ మీది ఫోటో వైపు వేలు చూపించింది. "మైక్రోస్కోపు తెప్పించింది నేను. ఇది వద్దంది, నేనే నోరు మూయించాను."

ఆవిడ పక్కన ఒక కుర్చీ కిర్రుమంది. ఫోటోల్లోని ప్రిన్సిపాల్ ఒకాయన లేచాడు. ఆ పక్కన ఇంకొకావిడ. తర్వాత ఆ వరసలో కూర్చున్నవాళ్ళు ఎవరూ లేరు. ఎవరు చేరవేశారో గానీ కబురు గేటు దాకా పోయింది. బయట జనం ఇనప చువ్వల్ని గుప్పిళ్ళతో మోదుతున్న చప్పుడు లోపలికి వినిపిస్తోంది.

తెయోపిస్తా భటుడి చేతిలోంచి మేనకోడలి భుజం విడిపించి తన పక్కన నిలబెట్టుకుంది. మాటలన్నీ రాసుకుంటున్న గుమాస్తా కలం ఆపి చూస్తున్నాడు. ఆవిడ అతని వైపు తిరిగింది.

"ఆపకు నాయనా, ఇది కూడా రాసుకో. మా బల్ల ఖాళీ. ఎప్పుడూ ఖాళీయే. పరువుకి పోయి ఏళ్ళ తరబడి వచ్చినవాళ్ళందరికీ గుడ్డ కప్పి చూపించాను, ఆ గుడ్డ మా రెనాన్ కాళ్ళ మీద పడింది. తప్పు నాది."