ఊపిరి పెట్టెకు తీర్థం

కొండల మీది ఒరూరో ఊళ్ళో ట్యూబా బాకా ఊదడంలో సెవెరినోని మించినవాడు లేడు. ఊదుతూ ఊదుతూ నిద్రపోవడంలోనూ లేడు. మొన్న ఎవరినో పాతిపెడుతుంటే ఏడుపు పాట సగంలో గుర్రు పెట్టాడు. పోయినాయన కూతుళ్ళు ఏడుపు మానేసి పకపకా నవ్వారు.

బ్యాండు మేస్త్రి ఎవస్తాకియో, స్వయానా పెళ్ళాం తమ్ముడు, తెగేసి చెప్పాడు.

"కార్నివాల్ పండగ ఆదివారం తెల్లారుజామున సూర్యుణ్ణి లేపే మేళంలో నువ్వుండాలంటే ముందు నువ్వు లేవాలి బావా. లేదా, బాకా ఇంకొకడి భుజానెక్కుతుంది."

ముప్ఫై ఏళ్ళలో ఆ మేళం ఒక్కసారీ తప్పని సెవెరినో పెళ్ళాన్ని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాడు.

"ఇంత ఎత్తులో గాలే పలచన. పైగా నిద్రలో మీ ఊపిరి ఆగిపోతోంది" అంది డాక్టరమ్మ. "ప్రాణవాయువు చాలక ఒంట్లో గడియారం దారి తప్పింది. అందుకే రాత్రి మెలకువ, పగలు కునుకు."

"నాకు తెలీదా? ఆగినప్పుడల్లా మోచేత్తో పొడిచేది నేనేగా!" అంది భార్య కసిల్దా.

డాక్టరమ్మ రాత్రిళ్ళు ముక్కుకి తగిలించుకునే ఊపిరి యంత్రం ఇచ్చింది. గాలికి తడి పట్టించడానికి దానికో చిన్న నీళ్ళ తొట్టి కూడా ఉంది.

లారీ కానీ, కుక్కర్ కానీ, కొత్త వస్తువు ఇంటికొస్తే రంగు కాగితాలు చుట్టి, భూదేవి పేర సారా చిలకరించందే ఒరూరోలో ఎవరూ ముట్టుకోరు. సెవెరినో ఇంకాస్త భక్తి చూపించి, యంత్రం నీళ్ళ తొట్టిలోనూ రెండు మూతలు ఒంపాడు. మర్నాడు సాధనకి సారా వాసన గుప్పుమంటూ వెళ్ళాడు.

"పొద్దున్నే పట్టించావా బావా?"

"ఒట్టురా, చుక్క తాగలేదు! పీల్చానంతే!"

"భూదేవికి పొయ్యమంటే ముక్కుకి పోసుకున్నావా, మహానుభావా!" అంటూ ఇంట్లో కసిల్దా తొట్టి కడిగి నీళ్ళు నింపింది.

కార్నివాల్ దాకా మిగిలిన రెండు వారాలూ అతను హాయిగా నిద్రపోయాడు. గురక వినపడక ఆవిడే కంగారుగా చెవులొగ్గి పడుకుంది.

కార్నివాల్ ఆదివారం సెవెరినో చీకటుండగానే తనంతట తానే లేచాడు. ఒక్క కునుకైనా తీయకుండా ఊదాడు. సూర్యుడొచ్చాడు, బావమరిది కావలించుకున్నాడు. ఏటా వేడి మొక్కజొన్న జావ పట్టుకొచ్చే కసిల్దా మాత్రం రాలేదు.

ప్రాణం ఉగ్గబట్టుకుని ఇంటికి పరిగెత్తాడు. ఆవిడ మంచమ్మీద ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పెళ్ళైన నాటి నుంచీ ఈ మనిషి ఒక్క రాత్రైనా నిండుగా నిద్రపోలేదని అప్పుడు తట్టింది.

"సూర్యుణ్ణైతే లేపాను గానీ, నిన్ను లేపనులేవే" అని గొణిగి, బాకా చప్పుడు కాకుండా దించి, పొయ్యి మీద జావకి నీళ్ళు పెట్టాడు.