ఆరంగుళాల అద్దం

టెలిస్కోపు కొంటానని మా ఆయన అన్న రోజు నాకు ఒళ్ళు మండింది.

"అందరూ శని వదిలితే చాలనుకుంటుంటే, మీరు గొట్టం పెట్టి మరీ వెతుక్కుంటానంటారేంటండీ?" అన్నాను.

"దూరంగా ఉన్న శనినే కదే చూస్తానంటున్నాను. దగ్గరున్నదాన్ని రోజూ చూస్తూనే ఉన్నాగా," అన్నారాయన.

ఇంకో రోజైతే ఆ మాటకు గిన్నెలు ఎత్తి కుదేసేదాన్ని. ఆ రోజు ఊరుకున్నాను. ఎందుకంటే ఆ వెంటనే ఆయన ఇంకో మాట కూడా అన్నారు. "కళ్ళు ఉండగానే చూసెయ్యాలి," అన్నారు, రేషను అయిపోయేలోగా సరుకు తెచ్చుకోవాలి అన్నంత మామూలుగా.

ఆయన నైట్ సర్వీసు బస్సు డ్రైవరు. దారిలో ఊళ్ళు లేని చోట బండి ఆపి, కిందికి దిగి, నడుం విరుచుకుని పైకి చూడటం ఆయనకు అలవాటు. ఆ చుక్కల్లో శని ఏదో, దాని చుట్టూ వలయం ఉంటుందని, అది ఉత్త కంటికి కనబడదని ఎవరో ప్రయాణికుడు చెప్పాడట. అప్పటినుంచి మనసులో పడింది. తర్వాత చీకట్లో తలుపు చెక్కలు తగలటం మొదలైంది. ఆ తర్వాత పక్కన నిలబడ్డ మనిషి కనబడటం మానేశాడు. చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుపోతూ వచ్చే జబ్బట. మందు లేదు. డిపోవాళ్ళు స్టీరింగు దగ్గర్నుంచి లేపి, ఏ బస్సు ఎప్పుడొస్తుందో చెప్పే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు.

"మధ్యలో చూపు మాత్రం చివరిదాకా ఉంటుంది," అన్నాడు డాక్టరు. ఆ మాటను మా ఆయన గట్టిగా పట్టుకున్నారు. నేను పట్టుకోలేకపోయాను. నేను పనిచేసేది కళ్ళద్దాల షాపులో. అలాంటి మాటలు పట్టుకుని వచ్చేవాళ్ళను రోజూ చూస్తుంటాను. చివర అంటే ఎంత దూరమో ఏ డాక్టరూ చెప్పడు. మా షాపుకొచ్చి అక్షరాల చార్టు ముందు ఒకసారి కూర్చోమని ఎన్నిసార్లు పోరానో. "రేపు చూద్దాంలే," అనేవారు. భయపడే మనిషిని ఇంకా భయపెట్టి నేను బావుకునేదేముంది? వదిలేశాను.

షాపులో నా పని ఫ్రేముల్లో అద్దాలు బిగించటం, తుడవటం. రోజంతా తుడిచీ తుడిచీ నా చేతికి అదొక జబ్బయింది. ఇంట్లో గడియారం అద్దం, టీవీ, చుట్టాలొస్తే వాళ్ళ ముఖం మీది కళ్ళజోడు, ఏదీ వదలను. ఒకసారి మా మరిది టీ తాగుతుండగా ఆయన కళ్ళజోడు లాగి తుడిచి మళ్ళీ పెట్టాను. పాపం ఆయనకు గుటక అడ్డం పడింది. "గాజు కనబడితే చాలు, దీని చెయ్యి ఊరుకోదు," అని మా ఆయన ఊరంతా చెప్పుకుని నవ్వేవారు.

టెలిస్కోపులమ్మే దుకాణం, స్కూళ్ళకు సైన్సు సామాను సరఫరా చేసే దుకాణం ఒకటే. యజమాని పెద్దాయన. మా ఆయన వెళ్ళీ వెళ్ళగానే "బాబాయ్" అని వరస కలిపేశారు. అక్కడ రంగురంగుల పెట్టెలు దొంతరగా ఉన్నాయి. ఆరువందల రెట్లు పెద్దదిగా చూపిస్తుందని ఒకదాని మీద రాసుంది. నేను దాని మీద చెయ్యి వేశాను.

"అది బొమ్మమ్మా," అన్నాడు పెద్దాయన. "ఆ మూడు కాళ్ళ స్టాండు చూడు, ఈగ వాలినా ఊగుతుంది. పెట్టె మీది అంకె చూడకండి. లోపలి అద్దం ఎంత వెడల్పో చూడండి. వెడల్పైన అద్దం వెలుగు ఎక్కువ పోగు చేస్తుంది. అంతే సంగతి."

ఆయన చూపించినవి రెండు. రెండూ నీళ్ళ పైపుల్లాంటి లావు గొట్టాలు, చెక్క పీటల మీద కూర్చున్నాయి. గొట్టం అడుగున గుంటగా అరగదీసిన అద్దం. ఒకటి ఆరంగుళాలది, ఒకటి ఎనిమిది. మా ఆయన ఎనిమిది దగ్గర నిలబడిపోయారు. దాని చుట్టూ చెయ్యి వేసి, కొత్త బండి బానెట్ తడిమినట్టు తడిమారు.

"మేడ మీదికి ఎవరు మోస్తారు?" అన్నాను.

"నేను."

"మెట్లు కనబడవు మీకు. రెండు చేతులూ దీనికిస్తే గోడ ఎలా పట్టుకుంటారు?"

"బాబాయ్ ముందు ఇదంతా ఎందుకే."

"బాబాయ్ వచ్చి మోస్తాడా?"

పెద్దాయన దగ్గు రాకపోయినా దగ్గి లోపలికెళ్ళాడు. నేను ఆరంగుళాలదాన్ని ఒడిసి పట్టుకుని ఎత్తి చూపించాను. నా చేతనైనది అదే. మా ఆయన పెద్దదాని మీంచి చెయ్యి తీశారు. చివరికి, "సరే, నీ మాటే కానీ," అన్నారు. గెలిచాను కానీ, గెలిచినట్టు అనిపించలేదు.

శని చీకటి పడే వేళకే పైకొచ్చే రోజులు రాగానే గొట్టాన్ని మేడ మీదికి చేర్చాను. పీట ఒకసారి, గొట్టం ఒకసారి. మూడోసారి ఆయన్ని చెయ్యి పట్టుకుని ఎక్కించాను. పెద్దాయన నేర్పినట్టు గొట్టాన్ని తిప్పీ తిప్పీ మెడ నొప్పెట్టాక, పసుపుపచ్చగా ఏదో దొరికింది. దాన్ని మధ్యకు తెచ్చి, "రండి, రండి. కదిలిపోతుంటుంది," అన్నాను.

ఆయన వంగి కన్ను పెట్టారు. నేను పక్కన నిలబడ్డాను. తల అటూ ఇటూ జరిపారు.

"వెళ్ళిపోయినట్టుందే," అన్నారు.

నేను చూశాను. వెళ్ళలేదు. గుండ్రటి చీకట్లో సరిగ్గా మధ్యలో ఉంది. చిన్న గింజంత, దాని చుట్టూ వలయం. గింజకూ వలయానికీ మధ్య సన్నటి నల్లటి సందు కూడా తెలుస్తోంది. అంత అందమైనదాన్ని నేను నా జన్మలో చూడలేదు. చూసినందుకు నా కళ్ళను నేనే తిట్టుకున్నాను.

"ఇప్పుడు చూడండి," అని కొంచెం సర్దాను.

ఆయన మళ్ళీ వంగారు. ఒక కన్ను మార్చి ఇంకో కన్ను పెట్టారు. తర్వాత నిలబడి, కళ్ళు నులుముకుని, ఎటో తిరిగి అడిగారు. "నీకు కనబడుతోందా?"

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. మా ఆయన ఎప్పుడూ ఏదీ అంత భయంగా అడగలేదు.

"లేదండీ," అన్నాను. "నాకూ మసకే."

"నిజంగా?"

"నిజంగానే. తప్పు నాదే. మొన్న మీరు డిపోకి వెళ్ళినప్పుడు దీని అద్దం మీద దుమ్ము కనబడింది. షాపు గుడ్డతో తుడిచాను."

ఇంట్లో అద్దానికి మెరిసే పూత వెనక ఉంటుంది. దీనికి ముందే ఉంటుందని, గుడ్డ తగిలితే చెరిగిపోతుందని, దుమ్ము పట్టినా సరే ముట్టుకోవద్దని కొన్న రోజు పెద్దాయన రెండుసార్లు చెప్పాడు. నేను ముట్టుకోలేదు. కానీ నా చేతి సంగతి మా ఆయనకు తెలుసు. క్షణం కూడా అనుమానించలేదు.

"బుద్ధుందా నీకు? ఆ పెద్దాయన చిలక్కి చెప్పినట్టు చెప్పాడు కదే! ఏది కనబడినా తుడవటమేనా? రేపు నా ముఖం కూడా తుడిచేస్తావా?" అని కేకలేశారు. కాపురంలో ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. పక్క మేడ వాళ్ళు తొంగి చూశారు. నేను తలొంచుకుని నిలబడ్డాను. తిట్లు తింటూ అంత హాయిగా నేనెప్పుడూ లేను. ఆయన మెట్లు దిగుతూ కూడా తిట్టారు, అన్నం తింటూ కూడా తిట్టారు, మారు అన్నం పెట్టించుకుని తిన్నారు.

"సాయంత్రం దాన్ని విప్పి బాబాయ్‌కి చూపిద్దాం," అన్నారు పొద్దున్నే డిపోకి వెళ్తూ.

అప్పుడు తెలిసింది, అబద్ధం చెప్పేస్తే సరిపోదని. మధ్యాహ్నం షాపులో ఒంట్లో బాగాలేదని చెప్పి ఇంటికొచ్చాను. గొట్టం అడుగున మరలు విప్పి అద్దం బయటికి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. నా ముఖం ఇంత లావున కనబడింది, ఏడుపుతో సహా. ఈ అద్దంలోంచే కదా నిన్న ఆ వలయం వచ్చింది అనుకున్నాను. ఆయన చూడలేనిది నాకెందుకు అనుకున్నాను. పాలిష్ పొడి వేసి, గుడ్డతో, నాకు చేతనైన పనే, బాగా నొక్కి తుడిచి, మళ్ళీ బిగించాను.

సాయంత్రం దుకాణంలో పెద్దాయన అద్దాన్ని ట్యూబులైటు కింద అటూ ఇటూ తిప్పాడు. తర్వాత నా వైపు చూశాడు. పొరపాటున తుడిస్తే గీతలు అలా పడవు, అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. నేను మా ఆయన వెనక నిలబడి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాను.

"పూత పోయింది," అన్నాడు నెమ్మదిగా. "మళ్ళీ వేయించాలి. పంపించి తెప్పించేసరికి ఆలస్యమవుతుంది."

"పూతేనా? ఇంకేం లేదుగా?" అన్నారు మా ఆయన.

"పూతే."

మా ఆయన భుజాలు తేలికపడ్డాయి. "పోనీ దీన్ని వెనక్కి తీసుకుని ఆ పెద్దది ఇస్తావా బాబాయ్?" అని, వెంటనే నా గొంతు వినబడుతుందేమోనని నా వైపు తల తిప్పారు.

"తీసుకోండి," అన్నాను. "నేనే మోస్తాను. మా తమ్ముడిని కూడా పిలుస్తాను."

పెద్దాయన ఎనిమిదంగుళాల గొట్టాన్ని గుమ్మం దగ్గరికి జరిపి వీధి వైపు తిప్పాడు. దాని మూత తియ్యటానికి చెయ్యి చాపాడు. ఆలోపే మా ఆయన పక్క నుంచి తడుముకుంటూ వచ్చి, కన్ను పెట్టే చోటు వేళ్ళతో వెతుక్కుని వంగారు.

"అబ్బ," అన్నారు. "ఎంత తేడా ఉందో. అంతా తేటగా కనబడుతోంది."

పెద్దాయన చెయ్యి గాల్లో ఆగిపోయింది. గొట్టం మూతికి నల్లటి మూత బిగించే ఉంది.

నిన్న మేడ మీద నేను ఆయనకు చెప్పినట్టే ఇప్పుడు ఆయన నాకు చెబుతున్నారు. నాకోసం చెబుతున్నారో, తనకోసమే చెప్పుకుంటున్నారో నాకు తెలియలేదు. అడగలేదు కూడా.

"ఏమంటావే? ఇదే తీసుకుందామా?" అన్నారు, కన్ను తియ్యకుండానే.

"తీసుకుందామండీ," అన్నాను.