పట్టుబడి మేం ఎక్కాకే

పెళ్ళి ఫొటోల్లో కూడా బంగార్రాజు మొహం కోర్టు వాయిదాకి వచ్చినవాడి మొహంలాగే ఉంటుంది. అలాంటి మనిషి ఆ రోజు పొద్దున్నే గన్నవరం విమానాశ్రయం ముందు కారు దిగీ దిగగానే కూతురు శాలిని చేతికి ఫోనిచ్చి, "తియ్యమ్మా, వెనకాల బోర్డు పడాలి. అమ్మా నేనూ పక్కపక్కన పడాలి," అన్నాడు. నవ్వాడు కూడా, పళ్ళన్నీ కనపడేలా. భార్య వీరదుర్గ ఆ నవ్వు వంక వింతగా చూసి, తనూ కొంచెం నవ్వింది.

విమానం మధ్యాహ్నం ఎప్పుడో. ఏలూరు నుంచి గన్నవరం ఎంత దూరమని! అయినా పొద్దున టిఫిను కూడా తిననివ్వకుండా బయల్దేరదీశాడు. గేటు దగ్గర తుపాకీ జవానుకి కార్డులు చూపించి ఊరుకోలేదు. "నా పేరు బంగార్రాజండి, ఏలూరండి, ఫ్యామిలీతో మనాలి వెళ్తున్నామండి," అని పరిచయం చేసుకున్నాడు. ఆ జవానుకి తెలుగు ముక్క రాదు. తలూపి లోపలికి పొమ్మన్నాడు. లోపల కాఫీ తాగి, బిల్లు అడిగి పుచ్చుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. తలెత్తి పైన కెమెరా ఎక్కడుందో చూసి, సరిగ్గా దాని కింద కుర్చీల్లో కూర్చోబెట్టాడు ఇద్దర్నీ.

"నాన్నకి ఇవాళ ఏమైందమ్మా?" అని శాలిని తల్లి చెవిలో నవ్వింది. పదహారేళ్ళ పిల్ల. తండ్రి నవ్వుతుంటే ఎంత ముద్దొచ్చిందో దానికి.

వీరదుర్గకి పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొగుడు ఆమెను తీసుకెళ్ళిన అతి దూరపు ఊరు అన్నవరం. తిప్పడం సంగతి అలా ఉంచండి, కొట్టడంలో మాత్రం ఏ లోటూ చెయ్యలేదు. చెరువులో చేప చచ్చి తేలినా, కూరలో ఉప్పెక్కువైనా దెబ్బ ఆమెకే. జాకెట్టు కప్పేచోట, చీర కప్పేచోట చూసి మరీ కొట్టేవాడు. అంత జాగ్రత్తపరుడు కూడా కిందటి నెల ఒళ్ళు తెలియని కోపంలో ఆమె చిటికెన వేలు విరిచేశాడు. వేలిని ఏ కొంగు దాస్తుంది?

కట్టుతోనే ముదినేపల్లి వెళ్ళింది పుట్టింటికి. తమ్ముడు మనోజ్ అక్క చెయ్యి చూశాడు. బండి తీసుకుని నేరుగా కొల్లేటి ఒడ్డున బావగారి చేపల చెరువుకి వెళ్ళి, గట్టు మీద మేత మోస్తున్న కూలీలందరి ముందూ బావగారిని చెప్పుతో కొట్టాడు. మొదటి దెబ్బకే బంగార్రాజు జారి నీళ్ళలో పడ్డాడు. పైకి లేవబోతే మళ్ళీ కొట్టాడు. కూలీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఇక కత్తులు లేస్తాయనుకున్నారందరూ. లేవలేదు. వారం తిరక్కుండా బంగార్రాజు పళ్ళూ కొత్త బట్టలూ పట్టుకుని ముదినేపల్లి వెళ్ళాడు. "తప్పు నాదేరా మనోజూ, నువ్వు కొట్టి మంచిపని చేశావు," అన్నాడు. అత్తగారి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. మనోజ్ గాడికి ఏడుపొచ్చేసింది. వాడంతే, చెయ్యి ఎంత తొందరో మనసూ అంతే తొందర. ఆ తర్వాతే ఈ మనాలి టిక్కెట్లు వచ్చాయి. "మేం తిరిగొచ్చేదాకా చెరువు నువ్వే చూసుకోవాలి, నిన్ను తప్ప ఇంకెవర్నీ నమ్మను," అని గట్టు మీది షెడ్డు తాళం వాడి చేతిలో పెట్టాడు బంగార్రాజు. తోడుగా తన పాత మనిషి సూరిబాబుని ఉంచాడు. వీరదుర్గ పొంగిపోయి కొబ్బరికాయ కొట్టింది. చెప్పుదెబ్బ తిని మనిషి బాగుపడ్డాడని నమ్మింది. నమ్మాలని అంత ఆశగా ఉండింది పాపం.

తనిఖీలన్నీ అయి లోపలికొచ్చి కూర్చున్నాక, బంగార్రాజు ఫోను పట్టుకుని అటువైపు వెళ్ళాడు. కాసేపటికి వీరదుర్గ మంచినీళ్ళ సీసా నింపుకుందామని లేచింది. కుళాయి పక్కన లావుపాటి స్తంభం, దాని అవతల మొగుడి గొంతు.

"పట్టుబడి మేం ఎక్కాకేరా సూరిబాబూ. సీట్లో కూర్చున్నాక నేనే ఫోన్ చేస్తాను. చేసి నా ఫోను ఆపేస్తాను, మళ్ళీ ఢిల్లీలోనే తీసేది. నా ఫోను వచ్చేదాకా ముట్టుకోకు... ఆఁ, పులుసు పెట్టు. కడుపు నిండా తిననియ్యి. ఒక్క చేపేగా, నువ్వొక్కడివి చాలు."

పట్టుబడి అంటే చెరువులో పెరిగిన చేపలన్నీ వల వేసి పట్టి అమ్మెయ్యడం. ఈ మాట ఏ పట్నం ఆడమనిషి విన్నా, చేపల వ్యాపారం కాబోలు అనుకుని సీసా నింపుకుని వెళ్ళిపోయేది. వీరదుర్గ చెరువుల మధ్య పుట్టి, చెరువుల మధ్యకే కోడలిగా వచ్చింది. చెరువులో చేపపిల్లని వదిలి నాలుగు నెలలు కాలేదు, చేప ఇంకా అరచెయ్యంత లేదు. పట్టుబడంటే లారీ రావాలి, ఐసు రావాలి, వల లాగడానికి ఊరంత జనం దిగాలి. ఒక్క చేపకి పట్టుబడి ఏమిటి? చేపకి కడుపు నిండా పులుసు పెట్టడమేమిటి?

సీసా నిండి నీళ్ళు చేతిమీంచి కారుతున్నాయి. ఆమెకి సూరిబాబు గుర్తొచ్చాడు. కొన్నేళ్ళ కిందట పక్క చెరువు కాపలామనిషి కాలువలో తేలాడు. మొహం చేపలు తినేశాయి. తాగి పడ్డాడన్నారంతా. అంతకు ముందురోజు సూరిబాబు తమ పెరట్లో బోరింగు దగ్గర మోచేతుల దాకా రుద్దుకుని రుద్దుకుని కడుక్కుని, "అమ్మగారండీ, కాస్త సబ్బు ఇప్పిస్తారాండీ," అని అడిగాడు. ఆమే ఇచ్చింది. ఎందుకని అడగలేదు. ఆ ఇంట్లో ఎందుకని అడిగితే ఏమవుతుందో ఆమె ఒంటికి తెలుసు.

ఆడవాళ్ళ బాత్‌రూములోకి పోయి గడియ పెట్టుకుని తమ్ముడికి ఫోన్ చేసింది.

"అక్కా! ఎక్కేశారా?"

"లేదురా. నువ్వెక్కడున్నావు?"

"షెడ్డులోనే. సూరిబాబు కొర్రమీను పులుసు పెడుతున్నాడు. వాసన గన్నవరం దాకా రావట్లేదా?"

"మనోజూ, బండి తీసుకుని ఉన్నపళంగా బయటికి పో. మీ బావ నిన్ను చంపడానికే అక్కడ పెట్టాడు."

వాడు పకపకా నవ్వాడు. "విమానం భయంతో నీకు మతిపోయిందక్కా. అయినా బండెక్కడుంది? పంచరని సూరిబాబు పొద్దున్నే ఊళ్ళోకి పంపాడు."

వెనకనుంచి సూరిబాబు గొంతు మెత్తగా వినిపించింది. "చిన్నయ్యగారండీ, తమకి తలకాయ ముక్క వెయ్యమంటారాండీ, నడుం ముక్క వెయ్యమంటారాండీ?" సబ్బు అడిగిన గొంతే.

"నవ్వకురా, నీకు దణ్ణం పెడతాను. మంచం కింద చూడు, మేత బస్తాల వెనకాల చూడు. కత్తి ఉంటుంది. వాడి చేతికి అందకముందే నువ్వు తీసుకో. వాడు నీ దగ్గరికొస్తే ఇక ఆలోచించకు. నా మీద ఒట్టు, ఆలోచించకు!"

"సరే సరే, చూస్తున్నాలే," అన్నాడు విసుగ్గా. బస్తాలు జరిపిన చప్పుడైంది. ఆ వెనకే ఏదో ఇనుము నేలకి గీసుకుంది. "అక్కా," అన్నాడు చివరికి. గొంతు మారిపోయింది. "వేటకత్తి ఉంది. కొత్తగా నూరి గోనెలో చుట్టి పెట్టాడు."

అంతలో ఫోను తెగిపోయింది. ఆ చెరువుల మీద సిగ్నలు ఎప్పుడూ అంతే. మళ్ళీ చేసింది, మళ్ళీ చేసింది. కలవలేదు. తలుపు తీసి బయటికొస్తే ఎదురుగా బంగార్రాజు నిలబడి ఉన్నాడు. నవ్వుతూనే ఆమె చేతిలోంచి ఫోను లాక్కుని, ఎవరికి చేసిందో చూసి, తన జేబులో వేసుకున్నాడు.

భుజం చుట్టూ చెయ్యి వేసి ప్రేమగా నడిపించుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. చూసేవాళ్ళకి ముచ్చటేస్తుంది. ఆమె కుడిచెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, అతుక్కుంటున్న చిటికెన వేలు పట్టుకున్నాడు.

"తెలిసిందన్నమాట," అన్నాడు. "తెలియనీలే. నేను నీళ్ళలో పడితే నవ్వారే, ఆ నవ్వు నాకు రోజూ వినపడుతోంది దుర్గా. నా కూలీలు. నా తిండి తినే నా కొడుకులు. వాడు ఆ నీళ్ళలోనే తేలాలి."

"ఏవండీ, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఇంటికెళ్ళాక నన్ను చంపెయ్యండి. వాణ్ణి ఒదిలెయ్యండి."

"నిన్నెందుకు చంపుతాను? నిన్ను మనాలి తీసుకెళ్తున్నాగా. నోరెత్తావంటే ఫోను ఇప్పుడే చేస్తాను. నాకు ఎక్కాకైనా ఒకటే, ఇప్పుడైనా ఒకటే." వేలు మెల్లగా వెనక్కి విరిచాడు. టప్పుమన్న చప్పుడు ఆమెకి ఎముకలోంచి వినపడింది. పైట చెంగు నోట్లో కుక్కుకుంది.

"అమ్మా, ఏమైంది?" అని శాలిని లేచింది.

"ఏం లేదమ్మా, అమ్మకి విమానం భయం. వరసలో నిలబడు, మన విమానం పిలుస్తున్నారు," అన్నాడు బంగార్రాజు.

వరస కదులుతోంది. ముందు శాలిని, వెనక వీరదుర్గ, ఆమె నడుం మీద మొగుడి చెయ్యి. రెండో చేతిలో ఫోను, తెర మీద సూరిబాబు పేరు. నలుగురు దాటితే గేటు. మొగుడు మా తమ్ముణ్ణి చంపిస్తున్నాడని అరిస్తే ఎవరు వింటారు? ఆ జవాన్లకి తెలుగు రాదు. మొగుడూ పెళ్ళాల గొడవంటారు, సర్దుకోమంటారు, ఈలోగా ఈయన బొటనవేలు ఒక్కసారి నొక్కుతుంది. ఏ భాషవాడికైనా అర్థమయ్యే మాట ఒక్కటి కావాలి. వీరదుర్గకి అది దొరికింది.

"బాంబు!" అని గొంతు చించుకుని అరిచింది. "ఈయన సంచిలో బాంబుంది! చేతిలో ఫోనే దానికి స్విచ్చి! నొక్కనివ్వకండి! బాంబు! బాంబు!"

ఆ తర్వాత అంతా ఒక్కసారిగా జరిగిపోయింది. జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ పరిగెత్తారు. బంగార్రాజు ఇంకా నవ్వుమొహం మార్చుకోకముందే ఇద్దరు జవాన్లు మీదపడి నేలకేసి కొట్టారు. మొహం పాలరాతికి తగిలి పన్ను ఊడింది. ఫోను పట్టుకున్న మణికట్టు మీద ఒకడు బూటుకాలు వేసి తొక్కాడు. ఇంకొకడు వీపు మీద మోకాలు పెట్టి చేతులు వెనక్కి విరిచాడు. బంగార్రాజు గేదె దూడలా అరిచాడు. ఫోను జారుకుంటూ పోయి కుర్చీల కింద ఆగింది. ఆడ జవాను వీరదుర్గని కూడా జుట్టు పట్టి బోర్లా పడేసింది. చెంప నేలకి ఆనించి పడుకుని, మొగుడి నోట్లోంచి కారుతున్న నెత్తురు చూసింది వీరదుర్గ. సంతోషమేసింది. ఇన్నేళ్ళ కాపురంలో అంత సంతోషం ఆమెకి ఎప్పుడూ కలగలేదు.

కిటికీలు లేని గదిలో కూర్చోబెట్టారు ముగ్గుర్నీ. సంచుల్లో స్వెట్టర్లు, పూతరేకుల పెట్టె తప్ప ఏమీ లేవని తేలింది. తెలుగు తెలిసిన ఇన్స్‌పెక్టరు వచ్చాడు. వీరదుర్గ స్తంభం దగ్గర విన్న మాట, కత్తి సంగతి, విరిగిన వేలు అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పింది. "ముందు చెరువుకి పోలీసుల్ని పంపించండి బాబూ, తర్వాత నన్ను ఉరితీసినా సరే," అంది. ఆయన అప్పటికప్పుడు అక్కడి స్టేషనుకి ఫోన్ చేశాడు. బంగార్రాజు ఎదురు బెంచీ మీద బేడీలతో, వాచిన పెదవితో కూర్చున్నాడు. శాలిని తల్లి చెయ్యి వదల్లేదు.

చాలాసేపటికి ఇన్స్‌పెక్టరు ఫోను మోగింది. విని, పెట్టేసి, మొహం తుడుచుకున్నాడు.

"చెరువు దగ్గర శవం ఉందటమ్మా. మెడ మీద నరికారు."

"తమ్ముడా!" అని వీరదుర్గ గుండెలు బాదుకుంది.

"మీ తమ్ముడు కాదమ్మా. సూరిబాబు."

ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"మీ తమ్ముడు శవం పక్కనే కత్తి పట్టుకుని కూర్చున్నాడట. మా అక్క చెప్పింది, మా అక్క చెప్పింది అంటున్నాడట." ఇన్స్‌పెక్టరు కాస్త తటపటాయించాడు. "సూరిబాబు చేతిలో గరిటె ఉందమ్మా. అన్నం పెట్టాను రమ్మని పిలవడానికి షెడ్డులోకి వెళ్ళాడట."

ఫోను రాలేదు కదా మరి. ఫోను వచ్చేదాకా ముట్టుకోవద్దన్నాడు బంగార్రాజు, సూరిబాబు ముట్టుకోలేదు.

ముందు నవ్వు వినిపించింది. బంగార్రాజు పన్ను ఊడిన నోటితో నవ్వుతున్నాడు. తర్వాత సర్దుకుని, ఎంతో మర్యాదగా అన్నాడు. "చూశారాండీ, నా మనిషిని నా బావమరిది నరికేశాడండీ. నేను పొద్దుట్నించీ ఇక్కడే ఉన్నానండీ, మీ కెమెరాలన్నిట్లో ఉన్నాను. మా ఆవిడ బాంబని అబద్ధమాడింది. నేను చేపలు పట్టమని చెప్పానండీ, అది తప్పాండీ?"

శాలిని తల్లి భుజం కుదిపింది. "అమ్మా, మామయ్య బతికే ఉన్నాడా?"

"బతికే ఉన్నాడమ్మా," అంది వీరదుర్గ. అని భోరుమంది. వాడు బతికితే చాలని కదా కోరుకుంది. బతికే ఉన్నాడు, పులుసు పెట్టిన మనిషిని నరికి.

ఏడుపు ఆగాక కళ్ళు తుడుచుకుని ఇన్స్‌పెక్టరు వైపు తిరిగింది. మొగుడి వంక చూడలేదు.

"నేనే చంపమన్నానండీ," అంది. "కత్తి ఎక్కడుందో చెప్పింది నేనే. ఆలోచించొద్దని ఒట్టు పెట్టింది నేనే. వాణ్ణేమీ అనకండి బాబూ, వాడు నా మాట కాదనలేడు."