గట్టు తీసేసిన గది

ఎవరికి ఏం కావాలో వాళ్ళకంటే ముందే మినాకోకి తెలిసిపోతుంది. ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, గోడలకి పట్టుకునే కమ్మీలు ఎక్కడ బిగించాలో, ఏ గడప తీసేయాలో చూసి చెప్పడం ఆమె ఉద్యోగం. ఊళ్ళో ముసలివాళ్ళు జారిపడకుండా తిరుగుతున్నారంటే అది తన చలవేనని పైకి ఎప్పుడూ అనలేదు. అనుకోవడం మాత్రం మానలేదు.

అలాంటి మనిషి సొంత అత్తమామల్ని ఊరికే వదులుతుందా? ఇంటి ముందు భాగమంతా ఒకప్పుడు మామగారు షోజో నడిపిన విత్తనాల కొట్టు. అది మూతపడి చాలా కాలమైంది. వీధి తలుపు తీస్తే మట్టినేల, దాని వెనక మోకాలెత్తు చెక్క గట్టు, గట్టెక్కితే ఇల్లు. అత్తగారు ఫుసా మోకాళ్ళు అరిగిపోయి, ఆ గట్టు ఎక్కి దిగేటప్పుడల్లా దేవుళ్ళందరినీ పేరుపేరునా తలుచుకునేది. అందుకని కొట్టునంతా అత్తమామలకి గదిగా మార్చేద్దామని మినాకో తీర్మానించింది. "నీ ఇష్టం" అన్నాడు భర్త నొబుయుకి. పెళ్ళైన దగ్గర్నుంచీ అతను అంటున్న మాట అదే.

అత్తగారు మాత్రం ఒకసారి టీ పోస్తూ అడిగింది. "ఆ గట్టు... పూర్తిగా తీసేస్తారా?"

"అసలు శత్రువు అదేగా అత్తయ్యా! చూస్తూ ఉండండి, మీ గది ఎలా తయారవుతుందో."

"అలాగేనమ్మా. నీకు తెలియనిదేముంది."

జపాన్ ఉత్తరాన అకితా కొండల్లోని ఆ ఊళ్ళో అత్తగారు కోడలికి 'వద్దు' అని చెప్పే పద్ధతి అది. ఉద్యోగంలో రోజూ అలాంటి జవాబులు విని లోపలి మాట పట్టుకునే మినాకోకి సొంత ఇంట్లో అది తట్టలేదు.

మంచు మొదలయ్యేలోపు గది పూర్తయింది. వీధి తలుపు దగ్గర్నుంచి మంచం దాకా నేలంతా ఒకే మట్టం. అడుగున వెచ్చదనం, బయట ఏటవాలు దారి, వేలితో తోస్తే జరిగే తలుపు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గది చూడ్డానికి మంచి బట్టలు కట్టుకుని, కేకు డబ్బాలు పట్టుకుని వచ్చారు. బూట్లు విప్పి వరసగా పెట్టి, సోఫా అంచున బిగుసుకుని కూర్చుని, "అబ్బ, హోటల్లా ఉంది" అని మెచ్చుకుని, మొదటి కప్పు టీ అవగానే లేచారు. ఆ తర్వాత ఒక్కరూ రాలేదు.

అంతకుముందు వాళ్ళే వేళాపాళా లేకుండా వచ్చేవాళ్ళు. బురద బూట్లతోనే గట్టు మీద చతికిలబడి, పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ కరకరలాడిస్తూ ఊరందరినీ దులిపేసి పోయేవాళ్ళు. ఇప్పుడు ఫుసా టీవీ ముందు కూర్చుంటోంది. షోజోకి ఎలాగూ చెవుడు. ఏం కావాలని అడిగితే "ఏమీ వద్దమ్మా, వెచ్చగా ఉంది" అంటుంది. అన్నం సగం వదిలేస్తోంది. ఒకరోజు మనవరాలి పేరు కోసం తడుముకుంది. నోరు మూతపడ్డ ముసలివాళ్ళు ఎంత త్వరగా కరిగిపోతారో మినాకో చాలా ఇళ్ళల్లో చూసింది. ఆమెకి నిజంగా భయం వేసింది. భయపడి ఏం చేసింది? ఇంకా పెద్ద టీవీ కొనుక్కొచ్చింది.

ఒక శనివారం మధ్యాహ్నం ఆమె ఆఫీసు పని చూసుకుని వచ్చేసరికి, పక్కింటి కికుయె తలుపు ముందు క్యాబేజీ పెట్టి, చప్పుడు చేయకుండా వెనక్కి తిరుగుతోంది.

"అదేంటి పిన్నీ, లోపలికి రండి. అత్తయ్య లోపలే ఉన్నారు."

"అమ్మో, ఈ బూట్లతోనా! లోపలికంటే బట్టలు మార్చుకోవాలి, చేతిలో ఏదైనా పట్టుకోవాలి. ఇంకోసారి వస్తాలే."

"ఇదివరకు రోజూ వచ్చేవారుగా?"

కికుయె ఆమెని వింతగా చూసింది. "నేనా? నలభై ఏళ్ళలో మీ ఇంట్లోకి ఎప్పుడొచ్చానమ్మాయ్? గట్టు మీద కూర్చుని పోయేదాన్ని, అంతే."

ఆవిడ వెళ్ళిపోయింది. మినాకో క్యాబేజీ చేత్తో పట్టుకుని మంచులో అలాగే నిలబడిపోయింది. సిగ్గుతో చచ్చిపోయింది. గట్టు మళ్ళీ కట్టిస్తే అత్తగారి మోకాళ్ళు ఊరుకోవు. కట్టించకపోతే మనిషి దక్కదు.

తలుపు తీసింది. బూట్లు విప్పలేదు. గుమ్మంలోనే లోపలివైపు తిరగకుండా కూలబడి, కాళ్ళు బయట ఏటవాలు మీదకి చాపింది. మంచు గాలి గదిలోకి దూసుకుపోయింది.

"అబ్బబ్బ, ఏం చలండీ అక్కయ్యా ఇవాళ!" అంది, అచ్చం కికుయెలా.

లోపల టీవీ ఆగింది. చాలాసేపటికి ఫుసా కమ్మీ పట్టుకుని మెల్లగా వచ్చి, దిండు వేసుకుని పక్కన కూర్చుంది. టీ పోసింది. ఊరగాయ పళ్ళెం జరిపింది. వీధి వైపు తిరిగింది.

"మా కోడలు ఉంది చూడు," అని మొదలుపెట్టింది. "బంగారం లాంటి పిల్ల. కానీ నన్ను ఒక్క ముక్క అడగదమ్మా. తనే అనేసుకుంటుంది, తనే చేసేస్తుంది."

మినాకో గొంతులో టీ అడ్డం పడింది. "ఆ మాట ఆమెకే చెప్పొచ్చుగా?"

"ఇంట్లోవాళ్ళకి ఎలా చెప్తాం? నొచ్చుకుంటుంది పాపం. ఇన్నేళ్ళూ గట్టు మీద కూర్చునేవాళ్ళకి చెప్పుకునేదాన్ని. ఇప్పుడు వాళ్ళూ రావట్లేదు."

ఆ ఇంటికి కోడలిగా వచ్చాక అత్తగారి నోట అన్ని మాటలు ఒక్కసారిగా వినడం మినాకోకి అదే మొదలు. కళ్ళు తుడుచుకోకుండా కప్పు చాపింది.

"ఇంకా ఏమేం చేస్తుంది మీ కోడలు?"

"ఒకటా రెండా!" అంది ఫుసా, టీ పోస్తూ. ఆమె గొంతు పెద్దదైంది.

తలుపు వేసి చావండని వెనక నుంచి షోజో అరిచాడు. ఇద్దరూ వినిపించుకోలేదు.