ఇసొబే ఒక్కడే చూసిన పువ్వు

పెరట్లో మంచు మాయమైంది.

వీధంతా ఇంకా మోకాలి లోతు ఉంది. మినెకో ఇంటి వెనక, గోడ వారన ఉన్న మడిలో మాత్రం నల్లటి నేల బయటపడింది. చుట్టూ పార గుర్తులు, పెద్ద బూట్ల జాడలు. ఆ జాడలు తిన్నగా పక్కింటి ఇసొబే గుమ్మం దాకా వెళ్లాయి.

ఆ మడిలో కుండీతో సహా పాతిపెట్టిన యుకివారిసో మొక్క ఉంది. మంచును చీల్చుకొచ్చేదని ఆ పేరుకు అర్థం. మినెకో దాన్ని విత్తనం నుంచి పెంచింది. ఏళ్లు గడిచాక ఇప్పుడు మొదటిసారి రెండు మొగ్గలేసింది. ఏ రంగు పూస్తుందో ఆమెకే తెలియదు. ఆదివారం పూలసంఘం ప్రదర్శనలో విచ్చుకుంటే పెద్దలు చూసి ఆ కొత్త రకానికి పేరు పెడతారు. అప్పటిదాకా గడ్డకట్టించే చలి తగలకుండా మంచే దానికి దుప్పటి.

ఆ దుప్పటి లాగేసిన రాత్రే నేల గడ్డకట్టింది. ఒక మొగ్గ ఉడికిన ఆకుకూరలా వాలిపోయింది. రెండోది ఇంకా నిలబడి ఉంది.

మన మంచు ఇంకొకరు ఎత్తిపెడితే ఆ ఊళ్లో తిట్టడానికి లేదు. ఏదో ఒకటి పట్టుకెళ్లి మర్యాద చెయ్యాలి. మినెకో పళ్లు బిగించి, బియ్యం బిస్కెట్ల పెట్టె పట్టుకుని పక్కింటి తలుపు తట్టింది.

"అయ్యో, ఇవన్నీ ఎందుకు మినెకో గారూ!" ఇసొబే మొహం వెలిగిపోయింది.

మంచు ఎరగని దక్షిణ తీరం నుంచి కూతురింటికి వచ్చి ఉండిపోయిన మనిషి. మంచు ఎత్తడని పోయిన శీతాకాలం వీధిలో మాటపడ్డాడు. ఈసారి ఎవరి మంచునూ వదలడం లేదు. పూలసంఘంలో కూడా చేరాడు.

"మీకు నడుం నొప్పి అన్నారుగా. వెనకవైపు కూడా ఎత్తేశా."

"వెనక దేనికండీ?"

"మంచు చీల్చుకొచ్చే మొక్కని మీరేగా చెప్పారు! అంత మంచు అదెక్కడ చీలుస్తుంది పాపం? కాస్త చెయ్యేశా."

మినెకో గొంతు దాకా వచ్చిన కేకను మింగేసింది. "చాలా సంతోషం. ఇంకోసారి మాత్రం వద్దండీ."

"భలేవారే, నా దగ్గర మొహమాటమేంటి!"

ఆమె ఇంటికొచ్చి, వీధిలోంచి బకెట్లతో మంచు మోసి మడి మీద పోసింది. ఎదురింటావిడ కిటికీ తీసి నవ్వింది. "ఏమ్మా, మీ ఇంట్లో మంచు తక్కువైందా? మాదీ పట్టుకుపో, కావలసినంత ఉంది!"

ఆదివారం ఆ ఒక్క మొగ్గతో కుండీ సంఘం హాలుకు చేరింది. చుట్టూ ఎవరి ఏడుపు వాళ్లది.

"నా కమేలియా మొగ్గలన్నీ మాడిపోయాయి."

"నీవి మొగ్గలన్నా వేశాయి. నా కుండీలే పగిలాయి!"

సంఘం పెద్ద కువబారా వంగి చూశాడు. "ఇంకా ముడుచుకునే ఉందే. టీ తాగొద్దాం పదండి. ఈలోగా విచ్చుకుంటే సరే. పువ్వు లేనిదే పేరు లేదు."

తిరిగొచ్చేసరికి బల్ల మీద కుండీ లేదు.

మినెకో చుట్టూ వెతికింది. హాలు మూలన వెచ్చదనానికి పెట్టిన కిరోసిన్ స్టవ్ పక్కన ఇసొబే నిలబడి ఉన్నాడు. చేతుల్లో ఆమె కుండీ. కాడ చివర ఏమీ లేదు. స్టవ్ మీద ఏవో చిన్న రేకులు నల్లగా ముడుచుకుపోయి పొగలు కక్కుతున్నాయి.

"చలికి విచ్చుకోవట్లేదని ఇక్కడ పెట్టానండీ. ఎంత బాగా విచ్చుకుందో! మీకు చూపిద్దామని ఎత్తాను. అంతే, జలజలా రాలిపోయింది."

కువబారా తల అడ్డంగా ఊపాడు. "మేం చూడలేదు. ఇక వచ్చే ఏడాదే, మినెకో గారూ."

అన్నాళ్లుగా మింగిన కేక వెయ్యడానికి మినెకో నోరు తెరిచింది. వేరే మాట వచ్చింది.

"ఏ రంగు?"

"లేత ఊదా," అన్నాడు ఇసొబే వెంటనే.

"అంచు? తెల్లగా ఉందా?"

ఇసొబే తల గోక్కున్నాడు.

"అంచంటే... కళ్లద్దాలు టీ గదిలో మర్చిపోయానండీ."